బిర్రు పిస్టను

ముదిగుబ్బలో కదిరి రోడ్డు మీదున్న ఈశ్వరి లేత్ షాపుకు వచ్చేవన్నీ బరువైన సరుకులే. బోరు మోటారు షాఫ్టులు, ట్రాలీ ఇరుసులు, రోటవేటరు బుష్షులు. ఇద్దరు పట్టుకుంటే గానీ గడప దాటవు. అందుకే ఆ మధ్యాహ్నం లక్ష్మీపతి భుజం మీది తువ్వాలు విప్పి, పెద్ద నిమ్మకాయంత వస్తువొకటి బల్ల మీద పెట్టేసరికి ఆమె లేతు ఆపి మరీ దగ్గరికొచ్చింది.

"ఏంది పెద్దనాయనా ఇది? మందు కొట్టే మిషన్ది కార్బరేటరా?"

"కార్బరేటరు కాదు పాపా. ఇంజను. డీజలు ఇంజను."

ఈశ్వరి నవ్వింది. ఆయన నవ్వకపోవడం చూసి ఆపేసింది.

లక్ష్మీపతి ఆమెకు కొత్తవాడు కాదు. గుంతకల్లులో ఉద్యోగమంతా రైలింజన్లు నడిపి, రిటైరయ్యాక పక్క పల్లెలోని సొంత ఇంటికి వచ్చి శెనక్కాయ పండిస్తున్నాడు. బోరు మోటారు చెడినప్పుడల్లా ఈ షాపుకే వస్తాడు. వచ్చినప్పుడల్లా కరెంటు వాళ్ళను తిట్టి, టీ తాగి పోతాడు. ఇవాళ మాత్రం ఎవరినీ తిట్టలేదు. పెండ్లిచూపులకు కూతుర్ని తెచ్చిన తండ్రిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చిన్న చిన్న విమానాలుంటాయి కదా, వాటికి పెట్టేది. గుంతకల్లులో వయసులో ఉన్నప్పుడు నేనూ బుడేన్ సాబూ ఎగరేస్తాంటిమి. వాడూ డ్రైవరే. నీకంటే ముందు పుట్టిన ఇంజను ఇది."

ఈశ్వరి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. ముందు ఒక పంకా, నడుమ చారలు చారలుగా సిలిండరు, తల మీద చిన్న మర. నిప్పు రవ్వ పుట్టించే ప్లగ్గు లేదు, వైరు లేదు, బ్యాటరీ లేదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే లోపలి నూనె అంటుకోవాలి. తల మీది మర తిప్పితే ఆ నొక్కుడు పెరుగుతుంది. పెద్ద డీజలు ఇంజన్లో ఉండే కథే, కాకపోతే గుప్పిట్లో పట్టేంతది.

ఆమె వేలితో పంకా తిప్పింది. అది ఎదురు తన్నాలి. తన్నలేదు. బుస్సుమని గాలి వదిలి, మెత్తగా తిరిగిపోయింది.

"పిస్టను అరిగిపోయినాది," అంది.

"అరగక ఏం చేస్తాది! గుంతకల్లు దుమ్మంతా తాగినాది. చేస్తావా?"

ఈశ్వరి ఇంజనును అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. ఐటీఐలో టర్నరు చదివి, ఆరేళ్ళు బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో సన్నని పనులు చేసింది. నాయన పోయాక అమ్మ హనుమంతమ్మ ఒక్కతే అయిపోయిందని వచ్చేసి ఈ షాపు పెట్టింది. ఇక్కడ ఎవరికీ అంత సన్నని పని అక్కర్లేదు. అటూ ఇటూ రవంత ఉన్నా బోరు నీళ్ళు పోస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు కొనుక్కున్న, వెంట్రుక మందం కూడా కొలిచే మైక్రోమీటరు బీరువాలో చీర మడతల మధ్య పడి ఉంది.

"చేస్తా పెద్దనాయనా. తొందర పెట్టొద్దు."

"పెట్టను. ఒక్క మాట. వాడు, ఆ బుడేను, ఇప్పుడు పుట్టపర్తిలో కొడుకు లాడ్జి కాడ ఉండాడు. శెనక్కాయ పెరికినంక మా చేన్లో మళ్ళీ పోటీ పడదామన్యాడు. నా ఇంజను ఒక్క తిప్పుకే స్టార్టవుతాండాదని చెప్పినా. ఇది ఇట్ల ఉండాదని యాడా అనొద్దు."

"అననులే," అంది ఈశ్వరి.

ఆ వారంలోనే ఒక స్కూటరు షాపు ముందు ఆగింది. తెల్లని గడ్డం, నల్లని కళ్ళద్దాలు, ఒడిలో స్టీలు టిఫిను గిన్నె. దిగినాయన అటూ ఇటూ చూసి లోపలికొచ్చి, గిన్నె మూత తీశాడు. ఆముదం వాసన గుప్పుమంది. అడుగున పాత బనీను గుడ్డలో చుట్టిన ఇంజను, లక్ష్మీపతి తెచ్చినదానికి కవల పుట్టినట్టుంది.

"పుట్టపర్తిలో ఎవరినడిగినా ఇంత చిన్నది మావల్ల కాదు సాబ్ అంటారు బేటీ. ముదిగుబ్బలో ఈశ్వరమ్మ దగ్గరికి పో అన్యారు. చూడు, దీనికి దమ్ము లేదు. బుస్సుమంటాది."

ఈశ్వరి పంకా తిప్పింది. బుస్సుమంది. ఆమెకు నవ్వు ఆగడం లేదు. దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"చేస్తా సాబ్. పేరు?"

"బుడేన్ సాబ్. ఇంకో మాట, ఈడ లక్ష్మీపతని ఒకడుండాడు. రైల్వే వాడే. వాని ఇంజను బాగుండాదంట, ఒక్క తిప్పుకే లేస్తాదంట. నాది పులిలాగ గర్జిస్తాండాదని ఫోన్లో చెప్పినా. వాడు ఈ పక్క వస్తే దీన్ని దాచిపెట్టు తల్లీ."

"దాస్తా సాబ్," అంది ఈశ్వరి. ఆయన స్కూటరు మలుపు తిరిగేదాకా ఆగి, లోపలికి పోయి పొట్ట పట్టుకుని నవ్వింది.

పని మాత్రం నవ్వులాట కాలేదు. రెండు ఇంజన్లనూ విప్పడానికే రెండు పూటలు పట్టింది. ఇంజను నూనెలో కలిపిన ఆముదం ఏళ్ళ తరబడి గట్టిపడి బంకలా పట్టేసింది. పెట్రోల్లో నానబెట్టి, వేడినీళ్ళలో ముంచి, చెక్క పుల్లతో తోసి ఊడదీసింది. లోపలి కడ్డీల కొనల్లోని రంధ్రాలు గుడ్డు ఆకారంలో అరిగాయి. వాటికి కంచు బుష్షులు వేసి సరిచేసింది. అది తెలిసిన పనే. పిస్టన్ల దగ్గరే చిక్కంతా.

ఈ పిస్టన్లకు రింగులు ఉండవు. ఇనుము ఇనుముకు ఆనుకుని గాలిని పట్టుకోవాలి. సిలిండరు పైన రవంత ఇరుకుగా, కింద రవంత వదులుగా ఉండాలి. పిస్టనును కింది నుంచి తోస్తే ముప్పాతిక దాకా హాయిగా పోయి, ఆపైన బిర్రుగా పట్టుకోవాలి. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పని చెడుతుంది.

మూల పడి ఉన్న పాత ఆయిలింజను లైనరు గొట్టం నుంచి పోత ఇనుము ముక్క కోసి, లేతు మీద మొదటి పిస్టను తీసింది. ఇత్తడి గొట్టంలో పెట్టి సన్నని రాపిడి పేస్టుతో అరగదీస్తూ, లక్ష్మీపతి సిలిండర్లో పెట్టి చూస్తూ పోయింది. సాయంత్రానికి చక్కగా సరిపోయింది. ఇంకొక్క రవ్వ నునుపు చేద్దామనిపించింది. చేసింది. తిరిగి పెట్టి చూస్తే పిస్టను అడ్డూ ఆపూ లేకుండా సిలిండర్లోంచి జారి బల్ల మీద టక్కుమని పడింది.

ఈశ్వరి దాన్ని చాలాసేపు చూసింది. చేతులకు పాత ఒడుపు ఉందనుకుంది. పోయింది. మరమ్మతు పనుల్లో పడి చేయి మొద్దుబారిపోయిందని ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికి పోయాక హనుమంతమ్మ కూతురి ముఖం చూసి సంగటి ముద్ద పళ్ళెంలో పెడుతూ, "ఏమైనాది?" అంది.

"చిన్న పిస్టను చెడగొట్టినా మా."

"ఇనుము ఇంకా ఉండాదా?"

"ఉండాది."

"మల్ల యాలట్ల మొగం పెట్టుకుంటావు? తిను."

మరునాడు ఈశ్వరి కొత్త ముక్క కోయలేదు. ముందు ఉన్నవాటిని కొలిచింది. రెండు సిలిండర్లు, రెండు పాత పిస్టన్లు, బల్ల మీద వరుసగా పెట్టి మైక్రోమీటరుతో ఒక్కోటి చూసింది. లక్ష్మీపతి సిలిండరు బాగానే ఉంది, అరిగింది పిస్టను. బుడేన్ సాబ్‌ది తిరకాసు. పిస్టను ఇంకా గట్టిగా ఉంది. సిలిండరే గీతలు పడి పెద్దదైపోయింది. ఆమె బుడేన్ సాబ్ పిస్టను తీసి, చుక్క నూనె వేసి, లక్ష్మీపతి సిలిండర్లోకి తోసింది. ముప్పాతిక దాకా పోయి బిర్రుగా ఆగింది. వేలితో సిలిండరు మూసి పిస్టనును వెనక్కి లాగితే సిలిండరు వేలిని పీల్చుకుంది.

"అబ్బ!" అంది పైకే.

ఇక కొత్త పిస్టను ఒక్కటే చాలు. బుడేన్ సాబ్ సిలిండరు గీతలు పోయేలా అరగదీసి, దానికి తగ్గట్టు పెద్ద పిస్టను చేస్తే సరిపోతుంది. కానీ ఒకరి పిస్టను ఇంకొకరి ఇంజన్లో పెట్టి చెప్పకుండా ఇవ్వడానికి ఆమెకు మనసు రాలేదు. చెబుదామంటే ఇద్దరికీ మాటిచ్చింది. కాసేపు ఆలోచించి, ఇద్దరికీ ఫోన్ చేసి, ఆదివారం పొద్దున రమ్మంది.

లక్ష్మీపతి ముందొచ్చాడు. టీ గ్లాసు చేతిలో ఉండగానే స్కూటరు చప్పుడైంది. బుడేన్ సాబ్ లోపలికి అడుగుపెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి కళ్ళద్దాలు తీశాడు.

"నువ్వేంది ఈడ?" అన్నాడు లక్ష్మీపతి.

"నేనా? లాడ్జి మోటారు... నువ్వేంది?"

"నాదీ మోటారే. బోరు మోటారు."

ఇద్దరూ ఒకేసారి బల్ల వైపు చూశారు. అక్కడ తెల్లగుడ్డ మీద రెండు ఇంజన్లు భాగాలు భాగాలుగా విప్పి ఉన్నాయి. ఈశ్వరి తల వంచుకుని నేల చూస్తోంది.

"పులి గర్జిస్తాండాది కదప్పా," అన్నాడు లక్ష్మీపతి నెమ్మదిగా.

"ఒక్క తిప్పుకే లేస్తాది కదప్పా," అన్నాడు బుడేన్ సాబ్.

లక్ష్మీపతి చేతిలో టీ తొణికింది. ముందు ఆయనే నవ్వాడు. తర్వాత బుడేన్ సాబ్ స్టూలు మీద కూలబడి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. పక్క పంక్చరు షాపు కుళ్ళాయప్ప ఏమైందోనని తొంగి చూశాడు.

నవ్వులయ్యాక ఈశ్వరి విషయం చెప్పింది. చెప్పడం పూర్తికాకముందే బుడేన్ సాబ్ లేచి నిలబడ్డాడు.

"అంటే నా పిస్టను వాని ఇంజన్లో పని చేయాల్నా? పని చేసి నన్నే ఓడగొట్టాల్నా?"

"కొత్తది మీకు చేస్తా సాబ్. కాకపోతే మాటియ్యలేను. ఒకటి ఇప్పటికే చెడగొట్టినా," అని ఈశ్వరి చెడిన పిస్టను చూపించింది.

బుడేన్ సాబ్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అప్పటిదాకా ఉన్న వేడి తగ్గింది. "చెడినా నునుపు చూడప్పా, అద్దంలాగ ఉండాది," అని లక్ష్మీపతికి అందించాడు. "సరే బేటీ. నా సిలిండరే కదా అరిగింది. కొత్తది నాకే చెయ్యి."

లక్ష్మీపతి అనుమానంగా చూశాడు. "అంత సులువుగా ఒప్పుకుంటాండావంటే కొత్తదే మంచిదేమో. పాపా, కొత్తది నాకెయ్యి."

"గమ్మునుండు పెద్దనాయనా!" అని ఈశ్వరి గద్దించింది. ఇద్దరూ గమ్మునయ్యారు.

పోతూ పోతూ బుడేన్ సాబ్ షరతు పెట్టాడు. "రేయ్ లచ్చీపతీ, నువ్వు గెలిస్తే సగం గెలుపు నా పిస్టన్ది."

"ఓడితే?"

"ఓడితే తప్పంతా నీ సిలిండర్ది."

రెండో పిస్టనుకు ఈశ్వరి తొందరపడలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే పట్టేది. పది సార్లు అరగదీయాలనిపిస్తే ఐదుసార్లకే ఆపి, కడిగి, తుడిచి, కొలిచేది. బోరు పనులు వచ్చిపోతూనే ఉన్నాయి. ఒకరోజు పిస్టను కింది నుంచి పోయి, ముప్పాతిక దగ్గర నిలిచింది. ఇంకొక్క రవ్వ అనిపించింది. చేయి వెనక్కి తీసుకుని, పిస్టనును గుడ్డలో చుట్టి, టీ తాగడానికి బయటికి వెళ్ళిపోయింది.

ఇంజన్లు నడిపి చూసే రోజు షాపు ముందు పండగలా అయింది. బుడేన్ సాబ్ అనంతపురంలో కాలేజీలకు రసాయనాలు అమ్మే దుకాణం నుంచి, తొందరగా అంటుకునే ఈథరు తెచ్చాడు. లక్ష్మీపతి కిరసనాయిలు సంపాదించాడు. హనుమంతమ్మ ఇంట్లో కాచిన ఆముదం సీసా తెచ్చి, "తలకు పెట్టుకునేదాన్ని ఇంజనుకు పోస్తారంట!" అని అక్కడే నిలబడింది. ఇంజన్లకు పోసే నూనె కోసం మూడూ కలిపితే ఆసుపత్రీ వంటిల్లూ ఒకటైనట్టు వాసన వచ్చింది.

ఈశ్వరి ముందు లక్ష్మీపతి ఇంజనును చెక్కకు బిగించి, పంకాను వేలితో గట్టిగా తిప్పింది. అది ఎదురు తన్ని వేలి మీద చురుక్కుమనిపించింది. లక్ష్మీపతి తల మీది మర కొంచెం బిగించాడు. మళ్ళీ తిప్పింది. చిటపటమంది, ఒకసారి తెల్లని పొగ వదిలింది, ఆపైన ఒక్కసారిగా గీ...మని అందుకుంది. అంత చిన్న వస్తువు నుంచి అంత గోల వస్తుందని ఎవరూ అనుకోలేదు. కుళ్ళాయప్ప రెండు చెవులూ మూసుకున్నాడు. హనుమంతమ్మ నవ్వుతూ రెండడుగులు వెనక్కి పోయింది.

తర్వాత బుడేన్ సాబ్‌ది. అదీ లేచింది. కానీ బాగా వేడెక్కగానే గొంతు మారి, మూలుగుతూ ఆగిపోయింది. తిప్పబోతే పంకా కదల్లేదు. చల్లారాక కదిలింది. మళ్ళీ నడిపితే మళ్ళీ అంతే.

బుడేన్ సాబ్ వేలితో పంకాను మళ్ళీ మళ్ళీ కదిపి చూశాడు. అది చూస్తుంటే ఈశ్వరికి కష్టంగా తోచింది.

"వేడికి పిస్టను ఉబ్బి పట్టేస్తాండాది సాబ్. రవంత తీయాల్ల," అంది.

"తియ్యి."

"ఎక్కువ తీస్తే ముందు చెడిందానిలాగే అవుతాది."

"బేటీ, నలభై వ్యాగన్ల బండిని ఘాటు దించేటప్పుడు నాకూ ఇట్లే ఉంటాండె. బ్రేకు ఎక్కువేస్తే కష్టం, తక్కువేస్తే ఇంకా కష్టం. అయినా బండి దించాల్సిందే కదా. తియ్యి."

ఈశ్వరి లోపలికి పోయి, పిస్టను ఊడదీసి చూసింది. ఒక వైపు పైఅంచు కింద సన్నగా మెరుపు కనిపించింది. పట్టేస్తున్నది అక్కడే. అక్కడ మాత్రమే, చాలా మెత్తగా, కొన్నిసార్లు తిప్పి ఆపేసింది. కడిగి, బిగించి, బయటికి తెచ్చింది. బుడేన్ సాబే పంకా తిప్పాడు. ఇంజను లేచింది, వేడెక్కింది, గొంతు మారలేదు. సీసాలో నూనె అయిపోయేదాకా ఒకే శ్రుతిలో అరిచి, అప్పుడు ఆగింది. ఆయన కళ్ళద్దాలు తీసి, "ఇదీ పులి," అన్నాడు.

శెనక్కాయ పెరికి, కాయలు తీసిన ఎండు చెట్ల కట్టెను వాముల్లోకి ఎత్తాక, కొండ మీది గాలిమరలు కదలకుండా నిలబడిన ఒక పొద్దున, అటకల మీంచి దించిన పాత విమానాలకు ఆ ఇంజన్లు బిగించి పోటీ పెట్టుకున్నారు. చేన్లో రాలిన కాయల కోసం తిరుగుతున్న గొర్రెలను కాపరి మారెక్క కేకలేస్తూ గట్టు దాటించింది. చప్పుడేమిటో చూడాలని ఆమె కూడా గట్టు మీదే కూర్చుంది.

విమానం రెక్క నుంచి రెండు సన్నని ఉక్కు తీగలు వచ్చి చేతిలోని పిడికి కలుస్తాయి. పిడిని పైకి వంచితే విమానం లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. విమానం మనిషి చుట్టూ గుండ్రంగా ఎగురుతుంటే మనిషీ దానితోపాటు తిరగాలి. ఇద్దరూ ఒకే చోట నిలబడి తిరుగుతూ, ఒకరి విమానానికి కట్టిన కాగితం తోకను ఇంకొకరు పంకాతో కోయాలి. అదే పోటీ.

ఈశ్వరి ఒక విమానాన్నీ, కుళ్ళాయప్ప రెండోదాన్నీ పట్టుకుని వదిలారు. రెండూ నేల విడిచి లేచాయి. ఒకటి ఎర్ర తోకతో, ఒకటి పచ్చ తోకతో. చేను నడుమ డెబ్బై ఏళ్ళకు దగ్గరైన ఇద్దరు మనుషులు ఒకరి వీపుకు ఒకరు తగులుతూ గిరగిరా తిరగడం మొదలుపెట్టారు.

"కాలు తొక్కొద్దురా!"

"నీ కాలే నా కింద ఉండాది!"

"తీగ పైకెత్తు, తీగ పైకెత్తు!"

బుడేన్ సాబ్ విమానం పైనుంచి దూకింది. తప్పించుకోవాలని లక్ష్మీపతి పిడిని గట్టిగా పైకి వంచాడు. ఆయన విమానం నిలువునా లేచి, పల్టీ కొట్టి, తిరిగి కిందికి వచ్చేసరికి దాని ముందు దాని ఎర్ర తోకే ఉంది. టర్రుమంది. ఎర్ర కాగితం ముక్కలు ముక్కలుగా చేనంతా రాలింది.

మారెక్క గట్టు మీద లేచి నిలబడి, "అయ్యో, దాని తోక అదే కోసుకున్యాది!" అని అరిచింది.

నూనె అయిపోయి విమానాలు ఒకదాని తర్వాత ఒకటి దిగాయి. ఇద్దరు డ్రైవర్లూ తల తిరిగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, అలాగే మట్టిలో కూర్చుండిపోయారు. కూర్చున్నా వాదన ఆగలేదు.

"తోక తెగినాది. నేను గెలిచినా," అన్నాడు బుడేన్ సాబ్.

"నువ్వు కోసినావా? నేనే కోసుకున్యా. నా తోక, నా ఇష్టం."

"కోసింది నీ పంకా. పంకాను తిప్పింది నా పిస్టను. అంటే నేనే కోసినట్టు!"

లక్ష్మీపతి రాలిన ఎర్ర కాగితం ముక్కొకటి తీసి ఆయన మీదికి విసిరాడు. మారెక్క నవ్వు గట్టు మీది నుంచి ఇక్కడిదాకా వినిపించింది. తీర్పు చెప్పమని ఇద్దరూ ఈశ్వరి వైపు తిరిగారు.

"నాకు తెల్దు. నేను ఎగరేసి చూసి చెప్తా," అంది ఈశ్వరి.

ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఇన్ని రోజులూ ఆ ఇంజన్లను వేళ్ళతో, కొలతలతో చూసిందే తప్ప, అవి ఎగిరితే చేతికి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని అనుకోలేదు. ఇప్పుడు అనిపించింది. లక్ష్మీపతి లేచి బుడేన్ సాబ్ విమానం పిడిని ఆమె చేతిలో పెట్టాడు. బుడేన్ సాబ్ తన విమానంలో నూనె నింపాడు. అందులోది ఆమె చేసిన పిస్టను.

"పైకీ కిందికీ శానా వంచొద్దు బేటీ. ఊరికే ముందుకు చూడు. చేను చూడొద్దు, విమానాన్నే చూడు."

వదిలారు. తీగలు బిగిశాయి. చేయి ముందుకు లాగినట్టయింది. అది ఇంజను లాగే లాగుడు. గొర్రె పొట్టేలును తాడుతో పట్టుకున్నట్టు బలంగా, కానీ తేలిగ్గా. ఈశ్వరి దానితోపాటు తిరిగింది. వాములు, గట్టు, మారెక్క పచ్చ చీర, కొండ, మళ్ళీ వాములు, అన్నీ చెరిగిపోయాయి. ఆ చిన్న విమానం ఒక్కటే ఎదురుగా కదలకుండా నిలబడినట్టుంది. దాని గొంతులో ఎక్కడా తడబాటు లేదు. ఆమె గట్టిగా నవ్వుతోందని ఆమెకు తెలియలేదు.

నూనె అయిపోయింది. విమానం మెల్లగా దిగి, ఎండిన కట్టెలో రెండు గెంతులు గెంతి, ముక్కు మీద నిలబడింది. ఈశ్వరి కాళ్ళు తడబడి, ఇద్దరు పెద్దమనుషుల పక్కనే మట్టిలో కూలబడింది. ఆకాశం ఇంకా తిరుగుతూనే ఉంది.

"చెప్పు పాపా, ఎవరు గెలిచినారు?" అన్నాడు లక్ష్మీపతి.

"ఉండండి పెద్దనాయనా," అంది ఈశ్వరి, ఊపిరి తీసుకుంటూ. "ఇంకొక్కసారి ఎగరేసి చెప్తా."

బుడేన్ సాబ్ అప్పటికే నూనె సీసా కోసం లేచాడు.